మీ బండి చప్పుడు ఎంత ఉండాలి? కొలిచి సరిచేసుకునే పద్ధతి

మీ బండి చప్పుడు అందరికంటే తక్కువగా వినేది మీరే. సైలెన్సర్ మూతి వెనక్కి తిరిగి ఉంటుంది, మీరు దానికి ముందు కూర్చుంటారు, తలకు హెల్మెట్, చెవుల్లో గాలి హోరు. కాబట్టి "నా బండి పెద్దగా సౌండ్ చేయదండీ" అని ఎవరైనా అంటే వాళ్లు అబద్ధం చెబుతున్నట్టు కాదు. నిజంగానే వాళ్లకు వినపడదు.

నా సంగతీ అంతే. బండితో వచ్చిన కంపెనీ సైలెన్సర్ తీసేసి బయట దొరికేది వేయించుకుని ఏడాదిన్నర తిరిగాను. ఆ గంభీరమైన మోత అంటే ముచ్చట కూడా. ఒకరోజు తమ్ముడు నా బండి తీసుకెళ్లి తిరిగొస్తుంటే గేటు దగ్గర నిలబడి ఉన్నాను. వాడు మలుపు తిరగకముందే చప్పుడు వచ్చేసింది. బండి ఆపేసరికి లోపల పడుకున్న పాప లేచి ఏడుస్తోంది. "ఏంట్రా ఇంత మోత?" అన్నాను. "రోజూ నువ్వొచ్చేటప్పుడు ఇంతే అన్నయ్యా" అన్నాడు వాడు. ఆ వారమే కొలవడం మొదలుపెట్టాను. కింద రాసిన పద్ధతి అలా కుదిరిందే.

ముందు బండి దిగి వినండి

మీటర్లు, యాప్‌లు తర్వాత చూద్దాం. లైసెన్సు ఉండి, బండి నిదానంగా నడిపే మనిషిని ఒకరిని పిలవండి. జనం లేని రోడ్డు చూసుకుని, దాని పక్కన ఏడెనిమిది మీటర్ల దూరంలో మీరు నిలబడండి. ఆయన్ని మూడుసార్లు మీ ముందు నుంచి వెళ్లమనండి. మొదటిసారి ఒకే వేగంతో, నిమ్మళంగా. రెండోసారి మీకు కాస్త ఇవతల నుంచే యాక్సిలరేటర్ బాగా తిప్పి, వేగం పెంచుకుంటూ. మూడోసారి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, గేరులోనే వేగం తగ్గేలా.

మూడింటిలో ఏది చెవికి కష్టంగా ఉందో గుర్తుపెట్టుకోండి. మొదటిదే భరించలేకుండా ఉంటే సైలెన్సర్‌లోనే ఏదో లోపం ఉంది, లేదా అది రోడ్డు మీద తిరగడానికి చేసింది కాదు. రెండోది మాత్రమే ఎక్కువైతే సగం తప్పు సైలెన్సర్‌ది, సగం మణికట్టుది. మూడోసారి టప్ టప్‌మని పేలుతుంటే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి. ఈ మూడు ముక్కలూ ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తాయి.

డెసిబెల్ లెక్క

డెసిబెల్ మనం రోజూ వాడే కిలోలు, మీటర్లలా పెరగదు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టు. 10 పెరిగితే శక్తి పదింతలవుతుంది, మన చెవికి మాత్రం సుమారు రెండింతలు పెద్దగా అనిపిస్తుంది. అంటే 88 ఉన్న బండిని 98కి తీసుకెళ్లినవాడు ఇంచుమించు రెండింతల మోత మోగిస్తున్నట్టు వింటారు జనం. మీటరుకు అది పది బండ్ల శక్తి.

దూరం విషయానికొస్తే, గోడలూ గట్రా లేని ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఏ అంకె విన్నా "ఎంత దూరంలో?" అని అడగాల్సింది అందుకే. దూరం చెప్పని డెసిబెల్‌కు అర్థం లేదు. సైలెన్సర్ అమ్మేవాళ్లు ఈ ముక్క తరచూ మింగేస్తారు.

ఇంకో సూత్రం మరమ్మతు చేసేటప్పుడు డబ్బు మిగులుస్తుంది. 90, 90 ఉన్న రెండు చప్పుళ్లు కలిస్తే 180 కాదు, 93. 90, 80 కలిస్తే 90 మీద చిల్లర, అంతే. అంటే బండిలో అన్నిటికంటే పెద్ద చప్పుడు ఏదో దాన్ని తగ్గించేదాకా మిగతావాటి మీద పడే శ్రమంతా వృథా. సైలెన్సర్ చిల్లు పడి గోల చేస్తుంటే చైన్‌కు ఎంత నూనె రాసినా మీటరు కదలదు.

ఇంతకీ ఎంత ఉండాలి?

కొత్త బండ్లకు చాలా దేశాలు పాటించేది ఐక్యరాజ్యసమితి 41వ నిబంధన. ఇందులో బండి బరువుకు, శక్తికి ఉన్న నిష్పత్తిని బట్టి మూడు తరగతులు పెట్టారు. చిన్న బండ్లకు 73, మధ్యరకానికి 74, శక్తిమంతమైన వాటికి 77 డెసిబెల్స్. బండి వేగం పుంజుకుంటూ వెళ్తుంటే పక్కన 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. అమెరికాలో 1986 నుంచి తయారైన రోడ్డు బండ్లకు పరిమితి 80. చూడ్డానికి ఎక్కువనిపిస్తుంది, పైగా అక్కడ మైకు 15 మీటర్ల దూరంలో ఉంటుంది. దూరం సగానికి తెస్తే ఇంకో 6 కలుస్తుంది కాబట్టి ఆ 80 నిజానికి ఇంకా వదులైన లెక్క. కొలిచే తీరులోనూ తేడాలున్నాయి, అందుకని రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఈ అంకెలు బండి తయారుచేసేవాళ్లకు. పరీక్షకు పెద్ద మైదానం, సరైన మీటరు, తిన్నని రోడ్డు కావాలి. మనకు పనికొచ్చేది ఇంకో అంకె ఉంది: నిలబెట్టిన బండి దగ్గర అరమీటరు దూరంలో కొలిచేది. చాలా బండ్ల ఫ్రేము మీద, హ్యాండిల్ మెడ దగ్గర ఒక చిన్న ప్లేటో స్టిక్కరో ఉంటుంది. దాని మీద ఇన్ని డెసిబెల్స్, ఇన్ని ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర అని రాసి ఉంటుంది. లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలోనో రిజిస్ట్రేషన్ కాగితాల్లోనో వెతకండి. మీ బండికి సంబంధించినంత వరకు అసలు గీటురాయి అదే.

ఆ అంకె ఎక్కడా దొరక్కపోతే వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ 2009లో తెచ్చిన జే2825 అనే పరీక్ష పద్ధతిని ఆధారం చేసుకోవచ్చు. అది కూడా అరమీటరు దూరం కొలతే. ఐడ్లింగ్‌లో, అంటే రేజ్ ఇవ్వకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 92 దాటకూడదు. ఒకటి, రెండు సిలిండర్ల బండ్లు 2000 ఆర్‌పీఎం దగ్గర 96 దాటకూడదు. మూడు, నాలుగు సిలిండర్లవి 5000 దగ్గర 100 దాటకూడదు. నన్నడిగితే ఇవి బాగా ఉదారమైన హద్దులు. ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రం 2020 వేసవిలో కొన్ని కొండదారుల్లో కాగితాల మీద 95 డెసిబెల్స్ దాటిన బండ్లను రానివ్వకుండా ఆపేసింది. కంపెనీలో చట్టప్రకారం తయారై వచ్చిన బండ్లు కూడా అందులో చిక్కుకున్నాయి. ఊళ్లవాళ్ల ఓపిక ఎక్కడ తెగుతుందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

నా లెక్క చెబుతాను. ప్లేటు మీద ఉన్న అంకె లక్ష్యం. దానికి 3 దాకా ఎక్కువైతే సర్దుకోవచ్చు, ఎందుకంటే అంత తేడాను పక్కింటివాళ్ల చెవి పెద్దగా పట్టదు. 5 దాటితే సరిచేయాలి. ప్లేటు లేని బండి ఏదైనా 94 దాటితే నాకు ఎక్కువే.

94 ఎందుకంటే, పడకగది లెక్క వేశాను. అరమీటరు దగ్గర చప్పుడు 94 అనుకుందాం. అరమీటరు నుంచి 64 మీటర్లకు వెళ్లేసరికి దూరం ఏడుసార్లు రెట్టింపవుతుంది, ఏడు ఆరులు 42, అక్కడ మిగిలేది 52. కిటికీ ఓరగా తెరిచి ఉన్న గది బయటి చప్పుడును ఓ 15 దాకా తగ్గిస్తుంది. లోపల పడుకున్న మనిషి చెవికి చేరేది 37. రాత్రిపూట గదిలో ఒక్కో చప్పుడూ 45 దాటితే నిద్రకు భంగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. అంటే 94 బండి ఆ దూరంలో పరవాలేదు. అదే 106 చేసే బండి అయితే గదిలో 49 పడుతుంది. వీధంతా ఇళ్లుంటే గోడలకు తగిలి చప్పుడు అంత త్వరగా తగ్గదు, యాక్సిలరేటర్ తిప్పితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఈ లెక్క బండివాడి వైపే మొగ్గింది.

"చప్పుడు చేస్తేనే ఎదుటివాడికి మనం ఉన్నామని తెలుస్తుంది, ప్రాణాలు కాపాడేది అదే" అనే వాదన మీరు వినే ఉంటారు. నేనూ అన్నాను ఒకప్పుడు. లాస్ ఏంజెలస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశీలించి 1981లో వెలువడిన హర్ట్ నివేదికలో తేలింది ఏమిటంటే, ముప్పు నాలుగింట మూడొంతులకు పైగా బండికి ఎదురుగా, అటూ ఇటూ 45 డిగ్రీల లోపు నుంచే వస్తుంది. సైలెన్సర్ మూతేమో వెనక్కి ఉంటుంది. మీ చప్పుడు బాగా వినేవాడు మీరు ఇప్పటికే దాటేసిన మనిషి. అద్దాలు బిగించుకుని పాటలు పెట్టుకున్న కారువాడికి మీరు పక్కకు వచ్చేదాకా వినపడదు, వినపడ్డా ఆ గుబగుబ ఏ వైపు నుంచి వస్తోందో పోల్చుకోవడం కష్టం. ముందుకు చూసే హారన్ బండికి ఉండనే ఉంది.

కొలిచే పద్ధతి

ఇద్దరుండాలి. ఒకరు బండి పట్టుకుని రేజ్ ఇవ్వాలి, ఇంకొకరు మీటరు పట్టుకోవాలి. ఆరుబయటే కొలవండి. మూసిన షెడ్డులోగానీ గ్యారేజీలోగానీ ఇంజిన్ నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. బండి చుట్టూ కనీసం మూడు మీటర్ల దాకా గోడ, కారు లాంటివి ఉండకూడదు, లేకపోతే చప్పుడు తిరిగి తగిలి అంకె పెరుగుతుంది. గాలి ఎక్కువగా వీచే రోజు వద్దు.

ఇంజిన్ బాగా వేడెక్కేదాకా పది నిమిషాలు నడిపి తీసుకురండి. చల్లని ఇంజిన్ ఐడ్లింగ్ ఎక్కువ ఉంటుంది, కొలత తప్పు వస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి నిలబెట్టండి. మీటరు మైకు సైలెన్సర్ మూతికి అరమీటరు దూరంలో, మూతి ఎత్తులోనే, పొగ వచ్చే దారికి 45 డిగ్రీలు పక్కగా ఉండాలి. సైలెన్సర్ ఎంత కిందికి ఉన్నా మైకు నేలకు 20 సెంటీమీటర్ల కంటే కిందికి దించొద్దు. పొగకు ఎదురుగా పెడితే గాలి తగిలి మైకు బుస్సుమంటుంది. దూరం కళ్లతో అంచనా వేయకండి, అరమీటరు తాడు ముక్క కోసి పెట్టుకోండి. అరమీటరు దగ్గర పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఒకటిన్నర, రెండు డెసిబెల్స్ తేడా వచ్చేస్తుంది.

ముందు ఇంజిన్ ఆపి చుట్టుపక్కల చప్పుడు కొలవండి. అది బండి చప్పుడు కంటే కనీసం 10 తక్కువ ఉండాలి. తర్వాత ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్‌ను నిలకడగా ఉంచి, యాక్సిలరేటర్ టక్కున వదిలేయాలి. ఈ మొత్తంలో మీటరు చూపిన గరిష్ఠ అంకె రాసుకోండి. ప్లేటు లేకపోతే ఆర్‌పీఎం ఇలా తేల్చుకోండి: మీ ఇంజిన్ గరిష్ఠ శక్తి 5000 ఆర్‌పీఎం పైన ఇస్తుంటే అందులో సగం, 5000 లోపే ఇస్తుంటే అందులో నాలుగింట మూడొంతులు. ఇలా మూడుసార్లు చేయండి. మూడూ 2 డెసిబెల్స్ లోపు కలిస్తే కొలత నమ్మొచ్చు.

మీటరు సంగతి. విడిగా అమ్మే సౌండ్ లెవెల్ మీటరు ఎవరి దగ్గరైనా అరువు దొరికితే మంచిది. ఫోన్ యాప్‌లలో చాలావరకు సరదాకే పనికొస్తాయి. ఫోన్ మైకు మాటల కోసం చేసింది, పెద్ద చప్పుడు రాగానే దాన్ని తానే అణిచేస్తుంది. ఐఫోన్‌లకు పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఇచ్చే ఉచిత యాప్ ఒకటి ఉంది, పరీక్షల్లో 2 డెసిబెల్స్ అటూ ఇటూగా సరిపోయింది. వేరే ఫోనైతే అంకెను నమ్మకండి, తేడాను నమ్మండి. ఒకే ఫోన్, ఒకే చోటు, ఒకే దూరం పెట్టుకుని మరమ్మతుకు ముందూ తర్వాతా కొలిస్తే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామందికి తెలియనిది. ఈ పరీక్షలన్నీ ఏ-వెయిటింగ్ అనే లెక్కలో ఉంటాయి. మన చెవి లోతు శబ్దాలను తక్కువగా వింటుంది కాబట్టి మీటరు కూడా వాటిని తగ్గించి చూపిస్తుంది. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) దగ్గర దాదాపు 30 డెసిబెల్స్ కోసేస్తుంది. నాలుగు స్ట్రోకుల సింగిల్ సిలిండర్ ఇంజిన్ 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 25 సార్లు పేలుతుంది, రెండు సిలిండర్ల ట్విన్ 50 సార్లు. అంటే డుగ్ డుగ్‌మనే పెద్ద సింగిల్ మోత చాలావరకు మీటరుకు చిక్కని చోటే ఉంది. కిటికీ అద్దాలు మాత్రం గజగజలాడతాయి. మీ మీటరులో లోతు శబ్దాలను అంతగా కోయని సి-వెయిటింగ్ ఉంటే దానికి మార్చి మళ్లీ కొలవండి. ఏ కంటే సి 10, 15 ఎక్కువ చూపిస్తుంటే మీ బండి కాగితం మీద పాసైనా పక్కింటి గోడల్లో దూరుతున్నట్టే.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది?

సైలెన్సర్ మార్చకుండానే, కొత్తప్పుడు ఇలా లేదే అనిపిస్తే లీకు కోసం వెతకండి. ఇది చల్లటి ఇంజిన్‌తో చేయాల్సిన పని, ఎందుకంటే ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే బెండ్ పైపు వేడెక్కితే చేయి పెట్టలేం, పైగా లోహం సాగి చిన్న లీకులు మూసుకుపోతాయి. పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి నిమిషం అసలు విషయం బయటపెడుతుంది.

ఇంజిన్ పైభాగమైన హెడ్ దగ్గర, బెండ్ పైపు బిగించిన చోట టిక్ టిక్‌మని పదునైన చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే అక్కడ లీకు కాకుండా ఆపే రింగు, అంటే గాస్కెట్, పోయిందని అర్థం. చాలామంది దీన్ని ఇంజిన్ వాల్వుల దగ్గరి టాపెట్ చప్పుడనుకుని టాపెట్లు సెట్ చేయించుకుంటారు. నేనూ ఒకసారి అలాగే రెండుపూటలు పోగొట్టుకున్నాను. ఆ జాయింటు చుట్టూ నల్లటి మసి చారలుంటే ఇక అనుమానం అక్కర్లేదు. పైపుకూ సైలెన్సర్‌కూ మధ్య క్లాంపు దగ్గర కూడా చూడండి. అక్కడ సబ్బునీళ్లు చిలకరించి స్టార్ట్ చేస్తే లీకున్న చోట బుడగలొస్తాయి. ఇంకా తేలకపోతే, మందపాటి తోలు గ్లవుజు వేసుకుని మడిచిన గుడ్డతో సైలెన్సర్ మూతిని రెండు మూడు సెకన్లు మూసి చూడండి. లీకు లేకపోతే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగబోతుంది. లీకుంటే అది ఉన్న చోటే బుస్సుమంటుంది.

వేగం తగ్గేటప్పుడు టప్ టప్‌మని పేలడానికి కూడా ఎక్కువసార్లు ఇదే కారణం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, లీకులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. కాలని పెట్రోలు ఆవిరికి ఆ గాలి తగిలి సైలెన్సర్‌లో అంటుకుంటుంది. కొందరు దీన్ని స్టైల్ అనుకుని కావాలనే చేయించుకుంటారు. వాళ్లకు చెప్పేదేమీ లేదు.

సైలెన్సర్ అడుగుభాగం కూడా తడిమి చూడండి. పెట్రోలు కాలితే ఇంచుమించు దానంత నీరే పుడుతుంది. దూరం వెళ్తే ఆవిరై పోతుంది, రోజూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో మాత్రం లోపలే నిలిచి కింది రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. అన్నట్టు కొన్ని సైలెన్సర్లకు అడుగున సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ నీరు కారడానికి కంపెనీయే పెట్టింది. చిల్లు పడిందని వెల్డింగ్ చేయించి దాన్ని మూయించొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒకే ఆర్‌పీఎం దగ్గర మాత్రమే రేకు గరగరలాడితే హీట్ షీల్డ్ వదులైంది, పొడవాటి కర్రతో నొక్కిపట్టి చూస్తే దొరుకుతుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా సీటు కిందనో ట్యాంకు కిందనో గర్జించినట్టుంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత సరిగా పడలేదు. వేగాన్ని బట్టి మారుతూ, ఇంజిన్‌తో సంబంధం లేకుండా ఉంటే చైన్, స్ప్రాకెట్.

సరిచేయడం

గాస్కెట్ మార్చడం తేలికైన పని, స్టడ్లు విరగకుండా ఉంటే. తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వండి. పాత రింగు హెడ్ లోపలే అతుక్కుని ఉంటుంది. దాన్ని పూర్తిగా తీశాకే కొత్తది పెట్టండి, రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టిన బండ్లు చూశాను. రెండు నట్లనూ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించాలి. ముందు హెడ్ వైపు చేతితో పట్టేలా, తర్వాత సైలెన్సర్ క్లాంపు, ఫుట్‌రెస్ట్ దగ్గరి బోల్టు, అన్నీ కూర్చున్నాక చివరి బిగింపు. ఒక చివర గట్టిగా బిగించి రెండో చివర లాగి కలిపితే పైపు ఒత్తిడి మీద ఉండిపోయి మళ్లీ లీకవుతుంది. ఒకట్రెండు సార్లు బండి తిప్పి, చల్లారాక ఇంకోసారి బిగింపు చూసుకోండి.

కంపెనీ సైలెన్సర్లు చాలావరకు లోపల గదులు గదులుగా ఉంటాయి. చప్పుడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తూ, గోడలకు తగిలి తనను తానే కొట్టేసుకుంటుంది. అవి విప్పేవి కావు. లోపల జాలి ఊడి గలగలమంటుంటే మార్చడమే. కోసి, జాలి తీసేసి, మళ్లీ అతికే పని కొందరు మెకానిక్‌లు చేస్తారు. దాంతో మీకు పికప్ వస్తుందంటే నమ్మకండి. పైపు కొలతలూ పెట్రోలు సెట్టింగూ ఆ సైలెన్సర్‌కు తగ్గట్టు చేసి ఉంటాయి, ఒకటి మారిస్తే తక్కువ ఆర్‌పీఎం దగ్గర లాగుడు తగ్గేదే ఎక్కువ.

బయట కొన్న సైలెన్సర్లు చాలావాటిలో మధ్యలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్ ఉంటాయి. ఆ వూల్ కాలక్రమంలో కాలి, పొడై, మూతిలోంచి ఎగిరిపోతుంది. మోత రోజురోజుకూ పదునెక్కి, ఖాళీ డబ్బాలా మోగడం దీని గుర్తు. ఇంకా కొన్నాళ్లు వదిలేస్తే పైరేకు మీద ఒక చోట రంగు మారుతుంది, అక్కడ వూల్ పూర్తిగా పోయిందన్నమాట. దీన్ని ఇంట్లోనే నింపుకోవచ్చు. మూతి వైపు రివెట్లు డ్రిల్‌తో తీసేయండి, గొట్టాన్ని బయటికి లాగండి. పాత వూల్ తీసేటప్పుడు గ్లవుజులు, మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఒంటికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. చిల్లుల్లో పేరుకున్న మసిని తీగల బ్రష్‌తో గీకేయండి. సైలెన్సర్‌ల కోసమే అమ్మే వూల్ చుట్టి, కాగితం టేపుతో అక్కడక్కడా అంటించి లోపలికి తోయండి. టేపు తర్వాత కాలిపోతుంది. బిగువు ఎక్కువైనా తక్కువైనా ఇబ్బందే: కూరితే శబ్దాన్ని పీల్చుకోదు, వదులుగా ఉంటే నెలల్లోనే ఎగిరిపోతుంది. స్టెయిన్‌లెస్ రివెట్లతో మూయండి. మొదటిసారి నడిపినప్పుడు కాసేపు పొగ వస్తుంది, కంగారు పడొద్దు.

చప్పుడు తగ్గించే డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం మూతిలో ఉండాల్సింది ఉందా లేదా అని కూడా చూడండి. పెట్టెలో పడి ఉంటే పెట్టేయండి. అది పెట్టిన స్క్రూ వేడికి వదులైపోతుంది కాబట్టి వేడికి తట్టుకునే లాక్ మందు రాసి బిగించండి. నా బండి విషయంలో పనంతా ఇక్కడే తేలిపోయింది. ఆ గొట్టం పెట్టగానే 103 కాస్తా 95కి వచ్చింది, వూల్ మార్చాక 92. ఎక్కడో కాగితం కింద పడి ఉన్న ఆ ముక్క కోసం ఏడాదిన్నరపాటు వీధిని నిద్ర లేపాను.

కొత్తది కొనాలనుకుంటే

మీ బండి మోడల్ పేరుతో ఆమోదం పొందినదేనా అని చూడండి. ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం ఆమోదించిన సైలెన్సర్ మీద వృత్తంలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన దేశం అంకె చెక్కి ఉంటాయి. అమెరికా నిబంధనకు సరిపోయేదైతే దాని మీదే ఆ సంగతి ముద్ర వేసి ఉంటుంది. రేసులకు మాత్రమే అని రాసి ఉన్నది ఎంత అందంగా ఉన్నా అక్కడే పెట్టేయండి. బెండ్ పైపులో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే దాన్ని తీసేసే ఫుల్ సిస్టమ్ (పైపుతో సహా మొత్తం మార్చేది) జోలికి వెళ్లొద్దు. అది పొగను శుభ్రం చేయడంతోపాటు చప్పుడునూ కొంత మింగుతుంది.

మంచి శబ్దం వేరు, పెద్ద శబ్దం వేరు. ఇష్టమైన నాదం కావాలంటే పైపు ఆకారం, సిలిండర్ల కూర్పు చూడాలి తప్ప అంకె కాదు. హార్లే-డేవిడ్సన్ తొలి బండ్లకు ముద్దుపేరు 'సైలెంట్ గ్రే ఫెలో', అంటే చప్పుడు చేయని బూడిదరంగు నేస్తం. నిశ్శబ్దమే ఆ బండి గొప్పగా చెప్పుకున్న గుణం. అదే కంపెనీ 1994లో తన ఇంజిన్ శబ్దానికి ట్రేడ్‌మార్క్ కోసం దరఖాస్తు పెట్టి, 2000లో వెనక్కి తీసుకుంది. రెండు సిలిండర్ల మధ్య 45 డిగ్రీల కోణం ఉన్న దాని ట్విన్ ఇంజిన్‌లో పేలుళ్లు సమానమైన ఎడంతో రావు, ఆ కుంటి లయే దాని గుర్తు. సైలెన్సర్ సవ్యంగా ఉన్నా ఆ లయ ఎక్కడికీ పోదు.

మణికట్టు

ఒకే బండి, ఒకే సైలెన్సర్, నడిపే చేతిని బట్టి మోత మారిపోతుంది. ఇళ్ల మధ్య ఉన్నప్పుడు ఇంజిన్ ఇబ్బంది పడనంత వరకు పై గేరులో, యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచి వెళ్లండి. తెల్లవారుజామున స్టార్ట్ చేసి పది నిమిషాలు ఇంటి ముందు వేడెక్కించే అలవాటుంటే మానేయండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి అర నిమిషం చాలు, తర్వాత మొదటి కిలోమీటరు నిదానంగా నడిపితే అదే వేడెక్కుతుంది. హెల్మెట్, గ్లవుజులు పెట్టుకున్నాకే స్టార్ట్ బటన్ నొక్కండి. సిగ్నల్ దగ్గర నిలబడి రేజ్ ఇవ్వడం గురించి నేనేం రాసినా తిట్టినట్టే ఉంటుంది.

మీ చెవులు

సైలెన్సర్ సంగతి చక్కబడ్డాక మిగిలేది గాలి. హెల్మెట్ లోపల గాలి హోరు 60 కిలోమీటర్ల వేగం దగ్గరే సుమారు 90 డెసిబెల్స్ ఉంటుంది, 160 దగ్గర 110కి చేరుతుంది. నియోష్ చెప్పేది రోజుకు 85 దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతూ పోతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర 15 నిమిషాలే. హైవే మీద రెండు గంటలు వెళ్లి దిగాక చెవుల్లో గుయ్‌మంటుంటే చెవి లోపలి కణాలు దెబ్బతింటున్నాయని గుర్తు. అవి మళ్లీ మొలవవు. మీరు నడిపే చోట నిబంధనలు ఒప్పుకుంటే నురుగుతో చేసిన ఇయర్‌ప్లగ్‌లు వాడండి. వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి దూర్చి, ఉబ్బేదాకా వేలితో పట్టి ఉంచాలి. హారన్‌లు, సైరన్‌లు అప్పటికీ వినపడతాయి, తగ్గేది హోరు.

చివరగా, కొలిచిన అంకె, ఆర్‌పీఎం, తేదీ, ఏ ఫోనుతో కొలిచారో బండి సర్వీసు పుస్తకం వెనక అట్ట మీద రాసి పెట్టండి. ఆ అరమీటరు తాడు కూడా అందులోనే ఉంచండి. గ్లాస్ వూల్ ఉన్న సైలెన్సర్ అయితే ఆర్నెల్లకోసారి, కంపెనీదైతే ఏడాదికోసారి మళ్లీ కొలిస్తే సరిపోతుంది.